ఎల్వీ లేని మోటార్‌సైకిలు

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. అది నా తప్పు కాదు, ఊరి తప్పు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టినవాడికి ఊయల దగ్గర్నుంచీ బళ్ళ కూతే జోలపాట. నిద్ర లేచేసరికి ఒక బండి హౌరా వెళ్ళిపోతుంటుంది, పళ్ళు తోముకునేసరికి ఇంకోటి బొంబాయి వెళ్ళిపోతుంటుంది, అన్నం ముందు కూర్చునేసరికి బొగ్గు నింపుకున్న గూడ్సు ఒకటి ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళిపోతుంటుంది. బొగ్గుకు కూడా ఊరు దాటే యోగం ఉంది, నాకు లేదు! ఇరవై రెండేళ్ళు నిండాయి. జూన్‌లో లోకో షెడ్డులో అప్రెంటిస్‌గా చేరమని కాగితం వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు నుంచి కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని, నడిస్తే పరిగెత్తాలని ఉండేది. (మా అమ్మ నాకు నులిపురుగుల మందు పట్టించింది. రెండుసార్లు.)

సరిగ్గా అప్పుడే ఊరి శివార్లలో కోని కాలేజీలో చదువుకునే కుర్రాళ్ళు కొందరు, మే నెలలో మోటార్‌సైకిళ్ళ మీద లడఖ్ వెళ్తున్నారని తెలిసింది. నెల రోజులు దారి పొడుగునా డేరాలు వేసుకుని పడుకోవడమేనట. ఆ గుంపులో ఒక బండికి చోటుంది. ఆ కబురు మోసుకొచ్చినవాడు దయాల్‌బంద్‌లో ఉండే నా స్నేహితుడు. వాణ్ణి మేం 'కెటలాగు' అనేవాళ్ళం. విదేశీ పత్రికల్లో డేరాలు, బూట్లు, మడతపెట్టే పొయ్యిల బొమ్మలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకునేవాడు. వాటిలో ఒక్కటీ వాడి దగ్గర లేదు. బండి కూడా లేదు. బండి ఉన్నది మా నాన్నకు.

మా నాన్న గూడ్సు గార్డు. ముప్పయ్యేళ్ళుగా బండి చివర బ్రేకువ్యానులో కూర్చుని, ప్రపంచం తన నుంచి వెనక్కి పోవడం చూసినవాడు. అందువల్ల ముందుకు చూసేవాళ్ళంటే ఆయనకు అనుమానం. నా లడఖ్ సంగతి విని, ప్లేట్లో చారు పూర్తిగా జుర్రుకుని, మూతి తుడుచుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"నెలరోజులా? ఒక్క రాత్రికి బండిస్తాను, బైట పడుకుని రా ముందు. బెల్గహనా దగ్గర అర్పా ఒడ్డున డేరా ఏసుకో, తెల్లారి రా. ఎల్లినప్పుడు ఎన్ని సామాన్లున్నాయో తిరిగొచ్చేటప్పుడు అన్నీ ఉండాల. అప్పుడిస్తాను లడఖ్‌కి తాళం. ఒక్కటి తగ్గిందా, తిన్నగా షెడ్డుకే."

"అంతేనా?" అన్నాను.

"అంతేటి? సామాన్లు సర్దడం నీకొచ్చేటి?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో మా క్వార్టరు మూడు రోజులపాటు యుద్ధరంగమైంది. కెటలాగుది తేలిక సిద్ధాంతం. ప్రతి గ్రామూ దారిలో కిలో అవుతుందని వాడి పుస్తకంలో రాసి ఉందట. నా పళ్ళబ్రష్షు పిడి సగానికి కోసేశాడు. దువ్వెనకు పళ్ళు ఒకటి విడిచి ఒకటి విరిచేశాడు. బనీను రెండో జత ఎందుకు, తిరగేసి తొడుక్కోవచ్చన్నాడు. ఇంత పొదుపు చేసినవాడు పడుకునే సంచి మాత్రం దయాల్‌బంద్ టైలరు చేత రజాయితో కుట్టించాడు. దాని బరువు ఒక మోస్తరు దూడంత. దానికి పాత సూట్‌కేసు జిప్పు వేయించడంతో, లోపలికి దూరినవాణ్ణి బయటకు లాగడానికి ఇద్దరు మనుషులు, కొంచెం కొబ్బరినూనె కావాల్సి వచ్చేది. డేరా కూడా ఆ టైలరు కుట్టిందే, లారీ టార్పాలినుతో. పరిస్తే మా వీధిలో సగానికి నీడ వచ్చింది.

అమ్మది నిండు సిద్ధాంతం. "అడివిలో ఏటి తింతారురా గుంటల్లారా?" అంటూ కుక్కరు, రెండు కిలోల బియ్యం, చెక్కలు, ఆవకాయ సీసా, అది పగిలితే ఇంకో ఆవకాయ సీసా తెచ్చి పెట్టింది. కెటలాగు వాటిని తీసి గుమ్మం పక్కన పెడితే, ఆవిడ వాటితో పాటు ఇంకొకటి చేర్చి మళ్ళీ సంచిలో పెట్టేది. మూడోరోజుకు ఇడ్లీ పళ్ళేలు చేరాయి.

"ఆంటీజీ, ఇడ్లీ పిండి ఎలా తీసుకెళ్తాం?" అన్నాడు కెటలాగు ఏడుపు గొంతుతో.

"అచ్ఛా, మర్చేపోయాను," అని పిండి డబ్బా తెచ్చింది.

నాన్న ఎవరి పక్షమూ కాదు. ఆయన పక్షం రూల్సు. డ్యూటీకి తీసుకెళ్ళే తన ఇనప్పెట్టెలో ఏవేం ఉంటాయో, అదే వరసలో మాకూ ఉండాలన్నాడు. చేతిదీపం, ఎర్రజెండా, పచ్చజెండా, ఈల, గొలుసు, తాళం, ఫస్టెయిడ్ డబ్బా. "అర్పా ఒడ్డున పచ్చజెండా ఎవరికి చూపిస్తాం నాన్నా?" అంటే, "చూపించాల్సొచ్చినప్పుడు లేకపోతే ఏటి చేస్తావు?" అన్నాడు. జెండాలు మడిచి ఇడ్లీ పళ్ళేల మధ్య దూర్చాను.

బయల్దేరే రోజు పొద్దున్న మోటార్‌సైకిలు కనబడలేదు. దొంగలు పడ్డారనుకున్నాను, సామాన్ల కింద ఉంది. నాన్న చుట్టూ మూడుసార్లు తిరిగి, ప్రతి తాడూ లాగి చూసి, ఆఖరికి డేరా చుట్ట వెనకాల చిన్న చెక్కబోర్డు ఒకటి వేలాడదీశాడు. రాత్రంతా కూర్చుని తానే రంగు వేశాడట. ఎర్ర రంగు మీద తెల్లగా 'ఎల్వీ' అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు. లాస్ట్ వెహికిల్ అని, రైల్లో ఆఖరి పెట్టెకు వేలాడే బోర్డు అదే.

"బండి వెనక ఎల్వీ కనిపిస్తే పెట్టెలన్నీ వచ్చినట్టు. కనపళ్ళేదా, మధ్యలో ఎక్కడో బండి తెగి, పెట్టెలు ఒగ్గీసి వచ్చినట్టు. నీకు గుర్తుండకపోతే అదే గుర్తు చేస్తుంది," అన్నాడు. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి, ఇస్త్రీ చేసిన పచ్చజెండా ఊపాడు. కాలనీ అంతా చూసింది. చచ్చిపోవాలనిపించింది. ఆ సిగ్గుతో యాక్సిలరేటరు గట్టిగా తిప్పేశాను. వీధి చివర స్పీడ్‌బ్రేకరు మీద బండి ఎంత ఎత్తు ఎగిరిందంటే, అవతల వీధి మేడమీద వడియాలు పెడుతున్నావిడతో కెటలాగు నమస్తే చెప్పగలిగాడు.

అక్కణ్ణుంచి కోని, రతన్‌పూర్, కోట. బండి గంటకు ఎంత దూరం వెళ్ళిందో చెప్పను కానీ, దారిలో ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటి వెళ్ళి, పాపం అనిపించిందేమో, కాసేపు ఆగింది. అడవి మొదలైంది. ఇప్పపూలు రాలే రోజులు. ఆ వాసనకు దారంతా తీపెక్కింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాయి కాళ్ళు. మిట్టమధ్యాహ్నం కట్నీ లైను మీద ఒక గేటు దగ్గరకు చేరాం. గేటు వేసి ఉంది.

గేటుమ్యాన్ మా అమ్మానాన్నల్లాగే పలాస వైపు మనిషి. మా నాన్నను ఎరుగును. మమ్మల్ని చూడగానే ముఖం విప్పార్చుకుని, "గార్డుబాబు గారి గుంటడివి కదేటి! మీ నాన్న కబురెట్టాడు, మా వోడు వస్తాడు, ఎనక ఎల్వీ చూసి ఒగ్గు అని," అంటూ బండి వెనక్కి వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు.

"ఏదీ?"

"ఏది?"

"ఎల్వీ ఏదీ?"

దిగి చూశాను. ఎల్వీ లేదు. ఎల్వీ వేలాడే డేరా కూడా లేదు. తెగిన తాడు మాత్రం, వేపుడు చేసిన తోటకూర కాడలా వేలాడుతోంది. నా లడఖ్ కూడా ఆ తాడుకే వేలాడుతున్నట్టు కనిపించింది.

"బండి తెగిపోనాది బాబూ," అన్నాడు గేటుమ్యాన్, చావు కబురు చెప్పే గొంతుతో. "టేషనుకు చెప్పాల మరి. రూలు."

"మోటార్‌సైకిలుకు రూలేమిటి బాబాయ్?"

"ఎల్వీ కట్టుకున్నాక మోటారు సైకిలేటి, రాజధానేటి," అంటూ నిజంగానే ఫోను తిప్పాడు. అవతలి స్టేషను మాస్టరు ఎంత నవ్వాడంటే ఆ నవ్వు ఫోనులోంచి మాకూ వినబడింది.

ఇంతలో గూడ్సు వచ్చింది. యాభై పైన పెట్టెలు, ఒక్కొక్కటీ మా సంసారమంత. చివర బ్రేకువ్యాను. దాని వాకిట్లో పచ్చజెండా పట్టుకుని ఒక మనిషి. మా నాన్న! మేం బయల్దేరిన గంటకే డ్యూటీకి పిలుపు వచ్చిందట. మేం టీలు తాగుతూ, తాళ్ళు బిగించుకుంటూ ఊరేగుతుంటే, ఆయన మమ్మల్ని పట్టేసుకున్నాడు.

గేటుమ్యాన్ తన పచ్చజెండా చూపించాడు. నాన్న తనది చూపించాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు మామూలుగానే మా బండి వెనక్కి వెళ్ళాయి. బోర్డు లేదు. డేరా లేదు. ఆయన ముఖం ఒక్క క్షణం ఎలాగో అయింది. కమ్మీ పట్టుకుని బయటకు వంగి, చెయ్యి గాల్లో బలంగా విసురుతూ ఏదో అరిచాడు. చక్రాల మోతలో రెండక్షరాలే అందాయి.

"ఎల్వీ! ఎల్వీ!"

బ్రేకువ్యాను చెట్ల మలుపులో మాయమైంది. అప్పటికీ ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.

"ఎల్వీ అంటున్నారు," అన్నాను.

"ఇంకేం అంటారు యార్," అన్నాడు కెటలాగు.

గేటుమ్యాన్ మాత్రం నోరు సగం తెరిచి, నా ముఖం చూసి, మూసుకున్నాడు. తండ్రీకొడుకుల మాటల మధ్యకు ఎందుకనుకున్నాడేమో.

బండి వెనక్కి తిప్పాను. ఎనిమిది కిలోమీటర్లు వచ్చేసరికి డేరా దొరికింది. రోడ్డు పక్క దాన్ని చదరంగా పరిచి, ఒక ముసలమ్మ ఇప్పపూలు ఆరబోసింది. అంత మంచి టార్పాలిను ఆవిడ జన్మలో చూసి ఉండదు. మాదని చెబితే ఆవిడకు సంతోషమైంది. కానీ లేవలేదు.

"మహువా సుఖావన్ దే, బాబూ," అంది. పూలు ఎండనియ్యి, తర్వాత పట్టుకుపో అని. ఎప్పటికి ఎండుతాయంటే సూర్యుడి వైపు చూపించింది, వెళ్ళి ఆయన్నడగమన్నట్టు.

కెటలాగు నా చొక్కా పట్టుకున్నాడు. "అరే, డేరా దొరికినట్టే కదా. ఇక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. డేరా లేకుండానే వెళ్దాం రా. అర్పా ఒడ్డున ఇసకలో పడుకుందాం. నదికి డేరా ఉందా?"

వాడు జీవితంలో పలికిన ఒకే ఒక్క గొప్ప మాట అది, కెటలాగులో లేనిది. నేను వినలేదు. "బోర్డు లేకపోతే లెక్క తగ్గినట్టేరా. నాన్న గొంతు చించుకుని మరీ అరిచారు, చూశావు కదా," అన్నాను. ఆ తర్వాత కోట, రతన్‌పూర్, కోని, ప్రతి గుంటలో, ప్రతి తుప్పలో, ప్రతి టీకొట్టు బల్లకింద వెతుక్కుంటూ వచ్చాం. రెండక్షరాల బోర్డు కోసం నేను తొంగిచూడని మేక నోరు లేదు. దీపాలు పెట్టే వేళకు మా క్వార్టరు ముందు దిగాం. అర్పా ఒడ్డు చూడనేలేదు. ఇడ్లీ పిండి పొంగి, సంచి దాటి, కెటలాగు వీపు దాకా వచ్చింది.

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "అదేటి, అప్పుడే వచ్చీసారు?" అంది. ఆవిడ పక్కన ఊరగాయ జాడీ. జాడీ మీద మూతగా ఎర్రటి చెక్క. చెక్క మీద ఎల్వీ.

"ఇదెక్కడిదమ్మా?"

"వీధి చివర స్పీడ్‌బ్రేకరు కాడ పడుందిరా. సరిగ్గా సరిపోనాది," అంది ముచ్చటగా.

మర్నాడు మధ్యాహ్నం నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. బూట్లయినా విప్పకుండా, నేనెన్నడూ చూడని ఉత్సాహంతో, "ఎలాగుందిరా అర్పా? నీళ్ళున్నాయేటి?" అన్నాడు.

"వెళ్ళలేదు నాన్నా. నువ్వే కదా ఎల్వీ, ఎల్వీ అని అరిచావు. అందుకని వెనక్కి వచ్చి వెతికాం."

నాన్న ఒక బూటు విప్పాడు. రెండోది విప్పకుండా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఎల్వీ కాదురా ఎదవా. ఎల్లీ అన్నాను. ఎల్లీ! పోయింది పోనీ, నువ్వు ఎల్లీ అని."

వెళ్ళెయ్ అనేదాన్ని మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి అలాగే అంటారు. ఎల్లీ, ఒగ్గీ, తినీ. ఆ మాటలతోనే పెరిగినవాణ్ణి, ఆ ఒక్కసారి మాత్రం ఇంగ్లీషులో విన్నాను.

"ముప్పయ్యేళ్ళ సర్వీసులో," అన్నాడు నాన్న రెండో బూటుతో, నాతో కాదు, "ఎల్వీ లేని బండిని ముందుకెళ్ళమని ఒక్కసారే అన్నాను."

తర్వాత బీరువా తీసి తాళం నా చేతిలో పెట్టాడు, మళ్ళీ వెళ్ళమని. అప్పటికే ఆలస్యమైపోయింది. స్టేషను మాస్టరు నవ్వు ఫోనుల మీదుగా ఊరంతా తిరిగి కోని చేరింది. చెక్కముక్క కోసం మొదటి గేటు నుంచే తిరిగి వచ్చేవాళ్ళు మంచుకొండలేం దాటుతారని, కోని కుర్రాళ్ళు మా చోటు ఇంకెవరికో ఇచ్చేశారు. జూన్‌లో షెడ్డులో చేరాను. వారం తర్వాత తెచ్చుకున్న డేరాలో మాత్రం ఇప్పసారా వాసన ఏళ్ళ తరబడి పోలేదు. దాని మీద పడుకున్న మా వీధి పిల్లి గోడమీద తిన్నగా నడవడం మానేసింది.

ఇప్పుడు మేం అదే ఊళ్ళో, సర్కండాలో ఉంటున్నాం. మొన్న శనివారం మా అమ్మాయి స్నేహితురాళ్ళతో అమర్‌కంటక్ దగ్గర డేరాలు వేసుకుంటామంటూ బయల్దేరింది, తన మోటార్‌సైకిలు మీద. దాని సామానంతా నీళ్ళు దూరని ఒక్క సంచిలో ఇమిడిపోయింది. డేరా నా గొడుగంత లేదు. అంతకు ముందు మూడు రోజులూ నేను వెనకాలే తిరుగుతూ ఈల, గొలుసు, తాళం అంటూనే ఉన్నాను. (పచ్చజెండా సంగతి ఎత్తలేదు. పరువు ఉంది కదా.) నాన్న బతికుంటే నా వరస చూసి నవ్వేవాడు.

బండి గేటు దాటాక చూశాను. సంచి పట్టీ ఒకటి వదులై వేలాడుతోంది. 'పట్టీ!' అని అరవబోయి నోరు తెరిచాను. తెరిచిన నోటిలోంచి, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇంకో మాట వచ్చింది.

"ఎల్లీ! ఎల్లీ!"

అది హెల్మెట్ ఇటు తిప్పింది. దాని తెలుగు అంతంత మాత్రం. "ఎల్ఈడీ? ఆన్ హై, పాపా!" అని అరిచి, హెడ్‌లైటు వెలుగుతూనే ఉందన్నట్టు బొటనవేలు చూపించి, ఆ పట్టీని అలాగే ఆడించుకుంటూ అర్పా వంతెన వైపు వెళ్ళిపోయింది. మాట తప్పుగానే విన్నది. కానీ ఆగలేదు. అంటే నాకంటే సరిగ్గానే విన్నట్టు లెక్క.