ఐదో ఫౌలు

మొన్న ఆదివారం జూబ్లీహిల్స్‌లో మా మనవరాలి బాస్కెట్‌బాల్ పోటీ చూస్తున్నానా, రిఫరీ ఫౌలని ఈల వేయగానే, ఎక్కడో మెట్లమీద కూర్చున్న నేను చెయ్యి పైకెత్తేశాను. ఎందుకెత్తానో నాకే అర్థం కాలేదు. మనవరాలు సిగ్గుతో చచ్చిపోయి, దించమన్నట్టు కోర్టులోంచే కళ్లెర్రజేసింది.

మా రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఫౌలు చేసిన ప్లేయరే చెయ్యెత్తి ఒప్పుకోవాలి, ఐదు ఫౌళ్లయితే ఆట మధ్యలోనే బయటికి నడవాలి. ఫిల్మ్‌నగర్ అమ్మాయిల జట్టుకి నేను కెప్టెన్ని. నాన్నగారు స్టూడియోలో లైట్‌మన్ కావడంతో, నేను కిందపడ్డ ప్రతిసారీ ఎర్రగడ్డ జట్టు కెప్టెన్, ఓ పొడుగుపిల్ల, "సినిమోళ్ల పిల్ల గదా, యాక్టింగ్ జేస్తుంది" అని అందరికీ వినబడేలా అనేది. మేమేం తక్కువ తిన్నామా, వాళ్ల ఎర్రగడ్డలోని పిచ్చాసుపత్రి ఊసెత్తి ఏడిపించేవాళ్లం. నాలుగేళ్లలో ఆ పిల్లతో ఒక్క మంచిమాట ఆడలేదు గానీ, రోజూ పొద్దున్నే లేచి మా ఫిల్మ్‌నగర్ బండల మధ్య నేను పరుగెత్తింది మాత్రం ఆ పిల్లను తలుచుకునే. అది పగో, మరేమిటో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆఖరి ఏడాది ఫైనల్లో మేము ఒక్క పాయింటు ముందున్నాం, నాకప్పటికే నాలుగు ఫౌళ్లు, ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. ఆ పిల్ల బంతితో దూసుకొచ్చింది, నేను అడ్డుపడ్డాను, ఇద్దరం కిందపడ్డాం, ఈల మోగింది. నా మోచెయ్యే ఆమెకు తగిలిందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. తప్పెవరిదో తేలక రిఫరీ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తుంటే, నా చెయ్యి నేలకి అంటుకుపోయింది. ఆమె చెయ్యి లేచింది.

"ఇగ లే, యాక్టింగ్ చాలు" అని మాత్రం నాతో అని వెళ్లిపోయింది. మేం గెలిచాం. ఆ చెయ్యెందుకెత్తినట్టు, నేను లేని జట్టుమీద గెలవడం ఇష్టంలేకనా, జాలిపడా, మీదికి దూసుకురావడం తన తప్పేననుకునా? నన్ను గెలిపించిందో ఓడించిందో కూడా తెలియదు. వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు.

ఇప్పుడు ఫౌలు చేసిన ప్లేయరు నంబరు రిఫరీయే వేళ్లతో చూపిస్తాడు, ఎవరూ ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. ఆటయ్యాక రెండు జట్లూ కలిసి సెల్ఫీలు దిగి ఐస్‌క్రీములు తిన్నాయి. మంచిదే, కానీ వీళ్లలో ఎవరికెవరు ప్రత్యర్థో నాకంతుపట్టలేదు.

ఫౌలు అవతలివాళ్లదైతే నేనెందుకు చెయ్యెత్తానని కారులో మనవరాలు నిలదీసింది. అది నాదేనమ్మా, కాస్త ఆలస్యమైంది, అన్నాను.