అరుపు పరీక్ష

"నాలుగు పిలుపులు, పాంగ్ గారూ. మీ ప్రోగ్రాముకి నెలంతా కలిపి నాలుగు! మిగతా ప్రోగ్రాములకి నిమిషానికి నాలుగు వేలొస్తాయి."

"నాలుగు పిలుపులంటే నలుగురు మనుషులు, సోరా గారూ."

"అందులో ఒకటి మీదే. మీ అక్కయ్యకి మీరు పంపే సూపు. అది లెక్కలోకి రాదు."

"అయితే ముగ్గురు."

"ముగ్గురి కోసం ఒక సర్వరూ, ఒక మనిషీనా? పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

టీం పెద్ద సోరా గాజుగది తలుపు ఎప్పుడూ పూర్తిగా పడదు. బయట కాఫీ యంత్రం దగ్గర నిలబడ్డ కుర్రాడు యున్‌జేకి ప్రతి మాటా వినిపిస్తోంది. వినట్లేదన్నట్టు, కరిగిపోయిన కాఫీపొడినే పుల్లతో కలుపుతూ ఉన్నాడు.

"పోనీ, పరీక్ష పెడదాం," సోరా గొంతు తగ్గించింది. "అందరికీ పెట్టేదే మీకూ. మీ ప్రోగ్రాంని రెండు వారాలు ఆపేద్దాం. ఎవరైనా అరిస్తే మళ్ళీ పెట్టేస్తాం."

"ఎవరూ అరవకపోతే?"

సోరా కుర్చీ వెనక్కి జరిపి లేచింది. బయటికి వచ్చి యున్‌జే చేతిలో కప్పు వైపు చూసింది. "అరిగిపోయేలా కలుపుతున్నావు. విన్నావుగా? సోమవారం పొద్దున ఆపేది నువ్వే."

పాంగ్యోలో ఉన్న ఆ కంపెనీ ఇళ్ళకు కూరలు, కిమ్చీ పచ్చళ్ళు, సూపులు చేరవేస్తుంది. పాంగ్ ఇన్‌షిక్ చేరిన కొత్తలో అదంతా ఒకే ఒక్క పెద్ద ప్రోగ్రాం. సగం ఆయన రాసిందే. ఒక మూల వేలు పెడితే ఇంకో మూల కూలేది. ఎనిమిదేళ్ళ క్రితం దాన్ని నూట నలభై ముక్కలుగా కోశారు. మైక్రోసర్వీసులు అంటారు వాటిని. ఉమ్మడి సంసారం విడిపోయి ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకున్నట్టన్నమాట. ధరలు చూసేది ఒకటి, చిరునామాలు చూసేది ఒకటి, బండ్లు పంపేది ఒకటి. దేనికైనా ఇంకోదానితో పని పడితే పిలుస్తుంది, జవాబు తీసుకుని తన పని చేసుకుంటుంది. ఒకటి పడిపోయినా మిగతావి నడుస్తూనే ఉంటాయి. అదే దాని గొప్ప. కోత పూర్తయిన రోజు అక్కడి ఆచారం ప్రకారం సర్వర్ల ముందు పందితల పెట్టి అందరూ మొక్కారు. ఆ ఫోటోలో అందరికంటే కిందికి వంగి ఉన్నది పాంగ్ గారే.

పంపకాల్లో పెద్ద ముక్కలన్నీ పెద్ద టీములు పట్టుకుపోయాయి. ఎవరూ అడగని ముక్క ఒకటి మిగిలింది. దాని పేరు యుందాల్. అంటే అధికమాసం.

పాత లెక్క ప్రకారం, చంద్రుడి నెలల్లో పుట్టినరోజు చేసుకునేవాళ్ళు ఆ కంపెనీ ఖాతాదారుల్లో చాలామందే ఉన్నారు. ఒక్కసారి తేదీ రాసిస్తే చాలు, ఏటా ఆ రోజుకి వాళ్ళింటికి పుట్టినరోజున ఆచారంగా తాగే సముద్రపు నాచు సూపు వెళ్తుంది. మామూలు నెలల్లో పుట్టినవాళ్ళ తేదీలు కొత్త క్యాలెండర్ ప్రోగ్రాం చూసుకుంటుంది. అధికమాసంలో పుట్టినవాళ్ళ సంగతి మాత్రం దానికి తెలియదు. అది యుందాల్‌ని నెలనెలా ఒకటో తారీఖున అడగాలి.

పాంగ్ గారు దాన్ని రాసిందే వాళ్ళ అక్క మూలంగా. యోసు రేవులో గుల్లలు ఒలిచి తమ్ముణ్ణి చదివించిన మనిషి ఆమె. పుట్టింది పంతొమ్మిది వందల అరవైలో, అధికంగా వచ్చిన ఆరో నెల తొమ్మిదో రోజున. ఆరో నెల మళ్ళీ అధికంగా వచ్చింది డెబ్బై తొమ్మిదిలో, ఆ తర్వాత ఎనభై ఏడులో. మళ్ళీ ఈ ఏడే. అరవై అయిదేళ్ళకి ఆమెకి ఇది మూడో పుట్టినరోజు. ఆగస్టు రెండు.

ఆ అంతస్తులో ఒక పద్ధతుంది. ప్రతి ప్రోగ్రాం పక్కనా ఒక మనిషి పేరుండాలి, ప్రతి మనిషి పక్కనా ఒక ప్రోగ్రాం పేరుండాలి. యుందాల్ పోతే పాంగ్ గారి పేరు పక్కన ఖాళీ. యాభై మూడేళ్ళ మనిషి పేరు పక్కన ఖాళీ కనిపిస్తే బల్ల మీదికి ఏ కాగితం వస్తుందో అందరికీ తెలుసు. స్వచ్ఛంద విరమణ అని ఉంటుంది దాని మీద. సోరా ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నదే. ఆ కాగితం నమూనా ఇప్పుడు ఆమె సొరుగులోనే ఉంటుంది.

జూన్ ముప్పయ్యిన యున్‌జే యుందాల్‌ని ఆపాడు. ఒక మీట, ఒక "అవును". పక్క బల్ల దగ్గర పాంగ్ గారు బూట్లు విప్పి చెప్పులు వేసుకుంటున్నారు.

"ఆపేశావా?"

"ఆ."

"మంచిది," అని ఆయన మామూలుగా కాఫీ పొట్లం చింపుకున్నారు.

మొదటి వారం ఎవరూ అరవలేదు. రెండో వారమూ అంతే. ఆఖరి రోజైన శుక్రవారం సోరా ఒక ఖాతాదారు రాసిన అభిప్రాయాన్ని టీం గ్రూపులో పెట్టింది: "నెల ముందే వచ్చింది. అత్తయ్య ఇంకో పుట్టినరోజనుకుని లాగించేశారు. రుచి బాగుంది. అయిదు నక్షత్రాలు." కింద సోరా మాట: "అరవడం అటుంచి మెచ్చుకుంటున్నారు. యున్‌జే, ఒంటిగంటన్నరకి తుడిచెయ్."

తుడిచేముందు యున్‌జే చిట్టా తెరిచి చూశాడు. జూలై ఒకటిన నాలుగు పిలుపులు వచ్చాయి. జవాబు లేదు. క్యాలెండర్ ప్రోగ్రాం ఒక్కో పేరుకీ మూడేసిసార్లు పిలిచి ఊరుకుంది. ఊరుకుని, అధికమాసం సంగతి వదిలేసి, మామూలు ఆరో నెల తేదీ తీసుకుని ముందుకెళ్ళిపోయింది. నలుగురికీ సూపు నెల ముందే పోయింది. నాలుగు ఆర్డర్ల పక్కనా పచ్చ టిక్కు. మొదటి పేరు యోసులోని పాంగ్ గారి అక్కది.

యున్‌జేకి కోపం రావాల్సింది. రాలేదు. కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసినప్పుడు అతని పేరు కూడా హాజరు పట్టీలో ఇంకో రెండు నెలలుంది. ఎవరూ పిలిచి అడగలేదు. క్లాసులు జరుగుతూనే ఉన్నాయి.

భోజనం వేళ పాంగ్ గారు తాన్‌చన్ వాగు పక్కన నడుస్తారు. యున్‌జే వెళ్ళేసరికి ఆయన బల్ల మీద కూర్చుని అన్నం ముద్ద కాగితం విప్పుతున్నారు. వాగులో కొంగ ఒకటి నిలబడి ఉంది. దాన్నే చూస్తున్నారు.

"మీ అక్కయ్యకి సూపు మూడో తారీఖునే వెళ్ళిపోయింది," అన్నాడు యున్‌జే, నిలబడే.

"తెలుసు. ఫోన్ చేసింది. 'ఒరేయ్, నన్ను నెల ముందే ముసలిదాన్ని చేసేశావేరా' అంది."

"తెలిసీ నోరెత్తలేదా? మీరు ఒక్కమాట అంటే పరీక్ష అక్కడితో ఆగేది కదండీ!"

"నా పిలుపు లెక్కలోకి రాదన్నారు. పిలుపే లెక్కలోకి రానప్పుడు అరుపేం వస్తుందయ్యా?"

"ఎంతైనా అది మీ కుర్చీ! నేనైతే బల్ల గుద్దేవాణ్ణి."

"నువ్వు గుద్దుతావు. నీ వయసది." ఆయన ముద్ద సగం కొరికి నమిలారు. తొందరేమీ లేదు. "కుర్చీ అయిపోయిందిలే. పొద్దున ఆ విరమణ కాగితం మీద సంతకం పెట్టేశా."

యున్‌జే కూర్చున్నాడు. బాధపడాలి కాబోలు అనుకున్నాడు. కొంగ ఒక అడుగు వేసి మళ్ళీ ఆగింది.

"పరీక్ష అయ్యేదాకా ఆగకుండా, ఎందుకండీ పెట్టారు?"

"చెప్తా విను. పిలిచినవాళ్ళలో మా అక్కని తీసేస్తే ముగ్గురున్నారు. ఎవరో నాకు తెలీదు. ఒకరింట్లో అత్తయ్య ఉందని ఇవాళ తెలిసింది. వాళ్ళ అసలు రోజులు ముందున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళకి వచ్చే రోజు. ఆ రోజు వాళ్ళ గుమ్మంలో ఏమీ ఉండదు. వాళ్ళు అరవరు. సూపు రాలేదని అరిచే వయసు కాదు వాళ్ళది. వచ్చేసిందిగా అనుకుంటారు."

"ఇప్పుడు తిరిగి పెడితే?"

"ఆగస్టు ఒకటిన మళ్ళీ పిలుపు వస్తుంది, యుందాల్ సరైన తేదీ చెప్తుంది. అంతే పని. ఆ నెల గడిచాక తుడిచేసుకోండి, నేనేం అనను. కానీ నేనడిగితే ముసలాడు కుర్చీ కోసం ఏడుస్తున్నాడంటారు. అందుకే ముందు సంతకం పెట్టా. అయినా నా మాట చెల్లదు, దాని పక్కన ఉన్నది నా పేరు కాబట్టి."

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. గడియారం చూసుకున్నారు. ఒంటిగంట దాటింది.

"తుడిచేముందు గ్రూపులో ఒక్క లైను రాయి, ఆ నెల గడిచేదాకా ఉంచమని. నీ పేరు మీద. నువ్వు అరవాలి, యున్‌జే. మరీ పెద్దగా అక్కర్లేదు."