సగం బాబాయి తిరగేసిన పడగ్గది

ప్రతి పనినీ సరిగ్గా సగంలో వదిలేసి మాయమైపోయే మనిషి నడిరోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే కారు ఆపాలా, పోనివ్వాలా? డ్రైవింగు మాస్టారికి ఆలోచించే వ్యవధి లేకపోయింది. అలవాటుపడ్డ కాలు దానంతటదే బ్రేకు తొక్కేసింది. తలుపు తీసుకుని సగం బాబాయి ఎక్కి కూర్చున్నాడు.

ఆయనకు అసలు పేరొకటి ఉంది గానీ, చుట్టాల్లో ఎవరికీ అది సగానికి మించి గుర్తులేదు. ఒక చెంప గీసుకుని, రెండో చెంప నురగతోనే పెళ్ళికి వచ్చిన మనిషి. ఓసారి బస్సులో జోకు చెబుతూ మధ్యలో దిగిపోతే, మిగతా సగం కోసం ప్రయాణికులంతా ఆయన వెనకే దిగిపోయారట. దేశాలు తిరిగినవాళ్ళు సగం కట్టిన కోటల్నీ, సగం తవ్విన కాలువల్నీ చూసే ఉంటారు. వాటికి కారణం యుద్ధాలనీ కరువులనీ పెద్ద పెద్ద పుస్తకాల్లో రాశారు. ఈయన ఆ దారిన వెళ్ళి ఉంటాడేమోనన్న అనుమానం ఆ రాసినవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

ఇక కాలం మారిందంటే బంధువుల పడగ్గదులకు మూడినట్టే. కొత్త కాలానికి తగ్గట్టు సర్దుతానంటూ పిలవకుండా వస్తాడు. పరుపు తిరగేస్తాడు, తెరలు విప్పుతాడు, మంచం ఊడదీస్తాడు. తర్వాత చూస్తే మనిషుండడు.

"ఎక్కణ్ణుంచి రా?" అన్నాడు బాబాయి.

"బస్టాండు నుంచి. టికెట్టు తెచ్చాను."

"ఎవరికి?"

"ఆవిడకి. వాళ్ళక్క ఊరికి, ఐదింటి బస్సు."

"తిరుగు టికెట్టో?"

"తియ్యొద్దంది."

బాబాయి కిటికీలోంచి బయటికి చూశాడు. "చలి వచ్చేసింది రా. మీ పడగ్గది చూడాలి," అన్నాడు.

"చలా! చెమటకి స్టీరింగు జారిపోతోంది బాబాయ్. అయినా ఇవాళ వద్దు, నీకు పుణ్యముంటుంది. ఇవాళ అసలే వద్దు."

"కాలం నిన్నడిగి మారుతుందా? పోనీ, పోనీ."

మాస్టారి బాధ మాస్టారిది. ఊరందరికీ బ్రేకు వెయ్యడం నేర్పే ఆ మనిషి నోటికి మాత్రం బ్రేకు లేదు. ఆయన భార్య లెక్కల టీచరు. వాళ్ళ బడివాళ్ళు పెట్టిన విందులో, తోటి టీచర్లందరి ముందూ, ఆమె గురక ఎలా ఉంటుందో ఈయన చేసి చూపించాడు. మామూలుగా కాదు, మధ్యలో వచ్చే ఈలతో సహా. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ ముచ్చట పిల్లల చెవిన పడింది. అప్పట్నుంచి టీచరమ్మ బోర్డు వైపు తిరగడం ఆలస్యం, వెనక బెంచీలోంచి "గుర్ర్..." మని వినిపించేది. ఆ సంగతి ఆమె ఏడుపు దిగమింగుకుని చెప్పిన రోజున మాస్టారు అన్న మాట ఒక్కటే: "అందరూ నవ్వారుగా, తప్పేముంది?"

ఆ రాత్రే ఆమె దిండు ముందుగది సోఫా మీదికి మారింది. మాటలు ఆగిపోయాయి. అక్క ఊళ్ళో బడిలో ఒక ఖాళీ ఉందని ఫోను వచ్చింది. సోమవారం చేరమన్నారు. ఆ ఐదింటి బస్సు చుట్టపుచూపుగా వెళ్ళి వచ్చే బస్సు కాదని మాస్టారికి తెలుసు.

ఇంట్లో టీచరమ్మ మంచం మీద పెట్టె సర్దుకుంటోంది.

"రండి బాబాయిగారూ. ఏమనుకోకండి, నాకు బస్సు టైమవుతోంది."

"ఐదింటికేగా అమ్మాయ్, బోలెడంత టైముంది. ఆ పెట్టె ఇలా మూలకి పెట్టుకో. దుప్పట్లెక్కడ?" అంటూనే పరుపు ఎత్తి నేల మీద పడేశాడు. సన్నటి తెరలు రెండూ లాగేశాడు. మందపాటి తెరలు దులిపేసరికి గది నిండా దుమ్ము లేచింది. టీచరమ్మ ఒక్క తుమ్ము తుమ్మి, ఇక ఊరుకోలేకపోయింది.

"అలా లాగకండి, కొక్కేలు వంగిపోతాయి! బాబాయిగారూ, ఆయన్ని ఆ కాలు పట్టుకోమనండి, మంచం ఒరిగిపోతోంది."

"ఒరేయ్, కాలు పట్టుకోమంటోంది."

"ఎవరి కాలు బాబాయ్?"

"మంచం కాలు. తన కాలే పట్టుకుంటే ఇంకా మంచిది, నీ ఇష్టం."

టీచరమ్మ గోడ వైపు తిరిగింది. మాస్టారు మంచం కాలే పట్టుకున్నాడు.

నట్లన్నీ ఊడాయి. మంచం నాలుగు ముక్కలైంది. చివరికి బాబాయి కన్ను ఇనుప బీరువా మీద పడింది. దాన్ని బయటికి తీసి వెనక దుమ్ము దులపకపోతే చలికాలమంతా దగ్గులేనన్నాడు. తాను ముందుగదిలోంచి లాగుతుంటే, భార్యాభర్తలిద్దరూ లోపల్నుంచి నెట్టారు. బీరువా ద్వారబంధంలోకి సగం వెళ్ళి, ఏటవాలుగా బిగుసుకుపోయింది. ఇటు రాదు, అటు పోదు.

"తాడు తెస్తానుండండి," అంది బీరువా అవతలి గొంతు. వీధి తలుపు చప్పుడైంది. అంతే.

"బాబాయ్!" అని అరిచాడు మాస్టారు. జవాబు లేదు. కిటికీకి ఊచలు. పెట్టె లోపల, మనుషులు లోపల, బస్సు బయట. పోనీ ఒకరి మాట ఒకరికి చేరవేయించుకుందామంటే ఆ మధ్యమనిషి కూడా లేడు.

"దీని అడుగు ఎవరైనా కాస్త ఎత్తితే బాగుండు," అంది టీచరమ్మ, బీరువాతో.

"ఎటువైపు ఎత్తాలో ఎవరైనా చెబితే బాగుండు," అన్నాడు మాస్టారు, అదే బీరువాతో.

ఆమె చీర కొంగు దోపి ఒక్కతే భుజం ఆనించి నెట్టింది. బీరువా కిర్రుమంది గానీ కదల్లేదు. మళ్ళీ నెట్టింది. ఆమె కళ్ళల్లో కోపం లేదు. ఆ బస్సు తప్పిపోతుందేమోనన్న భయముంది. అది చూసి మాస్టారు బీరువా అడుగున పెట్టబోయిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నేను ఎత్తితే నువ్వు వెళ్ళిపోతావు."

ఇన్నాళ్ళకి నేరుగా అన్న మొదటి మాట అది.

"ఎత్తకపోతే?"

"బస్సు పోతుంది."

"రేపూ ఉంటుంది బస్సు."

నిజమే. మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచాడు. తర్వాత వంగి, రెండు చేతులూ దాని అడుక్కి పెట్టి ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. "నెట్టు," అన్నాడు పళ్ళ బిగువున. "వాళ్ళు నవ్వారు కాబట్టి తప్పు కాదన్నాను చూడు... చేసిందానికంటే అదే పెద్ద తప్పు. నెట్టు! సోమవారం మీ స్టాఫ్‌రూముకి వస్తాను. ఆ గురక నాదేనని చెబుతాను."

"వాళ్ళు నమ్మరు."

"అయితే అక్కడే బల్ల మీద పడుకుని చూపిస్తాను."

టీచరమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వుకి చెయ్యి జారి, ఒళ్ళంతా వెళ్ళి బీరువా మీద పడింది. ధన్‌మని అది ముందుగదిలోకి దూకింది. దారి తెరుచుకుంది.

నవ్వు ఆగాక ఆమె పెట్టె అందుకుంది. గడప దాటింది. మాస్టారు వద్దనలేదు. నేల మీద దొర్లుతున్న నట్లు ఏరుకుంటూ తల దించుకున్నాడు. అడుగుల చప్పుడు వీధి తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఆ మంచం ఒక్కరే బిగించగలరా?"

"లేదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి."

ఆమె వెనక్కి వచ్చింది. "పానా ఇలా ఇవ్వండి. మీరు పట్టుకోండి. స్టాఫ్‌రూము సంగతి మాత్రం వదలను, చెబుతున్నా."

రెండో నట్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "ఏమండీ, మీ అన్నయ్యవాళ్ళ మంచం ఈయన ఊడదీసి పోయినప్పుడు, బావగారికీ మీ వదినకీ మాటల్లేవు కదూ?"

"అవును. పొలం గొడవ."

"మరి మీ అత్తయ్య పరుపు విప్పేసి పోయినప్పుడు?"

"అత్తయ్యా కోడలూ ఎడమొహం పెడమొహం. రాత్రంతా ఇద్దరూ కూర్చుని కుట్టుకున్నారు. మరి నిరుడు మనింటికి రానేలేదేం?"

"నిరుడు మనం బానే ఉన్నాంగా."

మాస్టారు నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూశాడు. ఆయన జీవితంలో అదో వింత.

మంచాన్ని కిటికీ గాలి తగలని గోడ వారకు జరిపారు. పరుపు తిరగేసి, మందపాటి దుప్పటి పరిచారు. తెర కడ్డీ చెరోవైపూ పట్టుకుని కిటికీకి ఎత్తబోతే, ఎదురింటి మెట్ల మీద కూర్చుని ఇటే చూస్తున్న మనిషి కనబడ్డాడు.

"బాబాయిగారూ! రండి, టీ పెడతాను," అని పిలిచింది టీచరమ్మ.

సగం బాబాయి కడ్డీ ఆ కొసన ఒకరినీ ఈ కొసన ఒకరినీ చూశాడు. లేచి పంచె దులుపుకున్నాడు. వెళ్ళొస్తానని కూడా అనకుండా సందు మలుపు తిరిగిపోయాడు.