గడ్డకట్టిన కుస్కోక్విమ్ మీద వదినా మరదళ్ళు

నది గడ్డకట్టిందంటే ఒలింకా ఇంట్లో దొరకదని ఊరందరికీ తెలుసు. ఆమెతో పనిబడినవాళ్ళు తలుపు తట్టరు. గట్టు మీద నిలబడి కుస్కోక్విమ్ నది వైపు చూస్తారు. తెల్లటి నది మీద ఎక్కడో నల్ల చుక్కలా కూర్చుని, చేతిలోని పొట్టి కర్రను ఎత్తుతూ దించుతూ ఉంటుంది. ఆ కర్రకు దారం, దారం చివర వాల్రస్ దంతంతో చెక్కిన ఎర, దానికో గాలం. అవి ఆమె తల్లి వాడినవే. ఆ చేత్తోనే ఒలింకా ఆరుగురు పిల్లల్ని పెంచింది, ఊరి బళ్ళో వంట చేసింది. భర్త జకార్ పోయాక అతని మోటారు మంచుబండి నడపడం కూడా నేర్చుకుంది.

ఒలింకా గురించి చెప్పాలంటే ఫెక్లాను వదిలేసి చెప్పడం కుదరదు. ఫెక్లా ఆమె మేనమామ కూతురు, వయసులో రెండేళ్ళు పెద్ద. అలాస్కాలోని యూపిక్ తెగ ఇళ్ళలో మేనరికపు వరసవాళ్ళు ఒకరినొకరు ఎంత మాటన్నా నవ్వాల్సిందే. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడినట్టు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వీళ్ళిద్దరిలో ఎవరూ ఓడింది లేదు.

వాళ్ళ చిన్నప్పుడు మార్చి నెల వచ్చి పొద్దు సాగిందంటే ఆడవాళ్ళంతా కుక్కల బండ్లెక్కి, వాగు నదిలో కలిసే చోటికి పోయేవారు. లంకలో విల్లో కొమ్మలు నరికి పరుచుకుని, వరసగా కూర్చుని గాలాలు వేసేవారు. ఎవరి గాలానికి చేప పడ్డా అందరూ కేకలు పెట్టేవారు. పొడుగుమూతి పైక్ చేపలు మంచులో ఎగిరెగిరి, ఎలా మెలితిరిగినవి అలాగే బిగుసుకుపోయేవి. సాయంత్రం వాటిని కట్టెల్లా బండిలో పేర్చుకుని ఇళ్ళకు తిరిగొస్తుంటే గట్టు మీద పొగ వాసన ఎదురొచ్చేది.

ఆ రోజు పడ్డ మొదటి చేప ఎవరిదైనా సరే, ఊళ్ళోకెల్లా పెద్దావిడకు పోవాల్సిందే. అప్పట్లో ఆ పెద్దావిడ ఫెక్లా నానమ్మ. చూపు ఆనేది కాదు. చేప తల తడిమి, "ఇంత బక్కగా ఉందేమే? రోగమొచ్చి పడుకున్నదాన్ని లాక్కొచ్చారా?" అనేది. ఫెక్లాకు ఆ నోరు నానమ్మ నుంచే వచ్చిందని అందరూ అనుకునేవారు.

ముసలితనంలో ఫెక్లాకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు యంత్రం పెట్టి రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. ఆ యంత్రం ఊళ్ళో లేదు, చుట్టుపక్కలా లేదు. కూతురు అగాఫ్యాతో ఆంకరేజ్ పట్నానికి వెళ్ళిపోయింది. ఫోన్లో మాట్లాడుకునేవారు గానీ ఎగతాళి ఫోన్లో రక్తి కట్టదు. ఎదుటి మొహం కనబడాలి.

మూడేళ్ళ తర్వాత ఒక మార్చిలో, రెండు చికిత్సల మధ్య దొరికిన ఖాళీలో, ఫెక్లా చిన్న విమానంలో ఊళ్ళో దిగింది. మర్నాడు తిరిగి వెళ్ళిపోవాలి. చుట్టాలంతా దుప్పి మాంసం పులుసు కాచి ఎదురుచూస్తున్నారు. ఫెక్లా మాత్రం లోపలికి రాకుండా, "నన్ను నది మీదికి తీసుకెళ్ళండి" అంది.

"ఈ చలిలోనా? డాక్టర్ ఏం చెప్పాడమ్మా?" అంది అగాఫ్యా.

"టీలూ నీళ్ళూ తగ్గించమన్నాడు. నది చూడొద్దనలేదు కదే!"

అప్పటికే ఒలింకా మంచుబండి వెనక చక్రాల్లేని స్లెడ్జి బండి కట్టుకుని వచ్చేసింది. వదినను ఎగాదిగా చూసింది. నిలువునా సగమైపోయింది మనిషి.

"ఏం వదినా, పట్నం తిండి తిని బలిసుంటావనుకున్నా. ఎండబెట్టిన సాల్మన్ ముక్కలా వచ్చావేంటి?"

"నువ్వు మాత్రం? పొగ గదిలో వేలాడదీసి మర్చిపోయినట్టున్నావు. అయినా బండి నువ్వా నడిపేది? అయితే ముందు ఫాదర్‌ని పిలవండి, ప్రార్థన చేయించుకుని ఎక్కుతా."

స్లెడ్జి మీద రెయిన్‌డీర్ తోలు పరిచి, వదినను దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టింది ఒలింకా. దారంతా మెల్లగా నడిపింది. వాగు కలిసే చోటు మారిపోయింది. నది గట్టును కోసేసింది. కొమ్మలు నరికిన లంక సగమే మిగిలింది. ఫెక్లా అటూ ఇటూ చూసి, "ఇక్కడేనా?" అని మాత్రం అంది. ఒలింకా గడ్డపారతో రెండు కన్నాలు తవ్వింది. నీళ్ళు గుబుక్కున పైకొచ్చాయి. చిల్లుల గరిటెతో మంచుముక్కలు తోడేసి, వదిన చేతికి కర్ర అందించింది.

ఎండ మంచు మీద పడి కళ్ళు చెదురుతోంది. ఒలింకా ఫ్లాస్కులోంచి టీ వంచింది. ఫెక్లా ఒక్క గుటక తాగి, గిన్నె వెనక్కిచ్చేసి, చిన్న మంచుముక్క బుగ్గన పెట్టుకుంది. "అక్కడ ఇదే నా టీ" అంది. ఒలింకా గిన్నెలో మిగిలిన టీని తిరిగి ఫ్లాస్కులో పోసేసింది.

"జకార్ ముందు నా దగ్గరికే వచ్చాడు, తెలుసా? చిన్న చేప కదా పాపమని వదిలేశా" అంది ఫెక్లా. నలభై ఏళ్ళుగా అంటున్న మాటే.

"నువ్వు వదల్లేదు. నీ గాలం మొద్దుబారి జారిపోయాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మళ్ళీ కర్రలు ఎత్తుతూ దించుతూ కూర్చున్నారు.

"ఒలింకా" అంది ఫెక్లా. పేరుపెట్టి పిలవడం ఆమెకు అలవాటు లేదు. "మా ఆయన మంచాన పడ్డ చలికాలం, రోజూ మా వాకిట్లో చేపలు పడేసి పోయేదానివి. 'మీ కుక్కలకే!' అని అరిచి మరీ వెళ్ళేదానివి. కుక్కలకి కాదని నాకు తెలుసు. ఆ చలికాలం పిల్లలు ఆ చేపలతోనే బతికారు. నీకెప్పుడూ చెప్పలేదు."

వదిన నోట ఎగతాళి లేని మాట వినడం ఒలింకాకు అదే మొదలు. ఇక రానని చెబుతున్నట్టే వినిపించింది. ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేస్తానని తెలిసింది.

"కుక్కలకే తెచ్చా. నువ్వు తిన్నావా వాటిని? అందుకా ఇన్నేళ్ళుగా ఇలా మొరుగుతున్నావు!"

ఫెక్లా పగలబడి నవ్వింది. కళ్ళలోంచి కారిన నీళ్ళు కోటు టోపీ చుట్టూ ఉన్న బొచ్చులో గడ్డకట్టాయి. ఆ నవ్వులోనే చేతిలోని కర్ర కిందికి గుంజుకుంది.

"పడిందే! పడింది!"

యంత్రం సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువు లాగకూడదు. కుడి చెయ్యి ఒక్కటే చాలడం లేదు. ఒలింకా తన కర్ర పారేసి పరుగెత్తుకొచ్చి, దారం అందుకుని లాగింది. పైక్ తల కన్నానికి అడ్డంపడింది. మంచు మీద బోర్లా పడుకుని, మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, మొప్పలు పట్టుకుని బయటికి ఈడ్చింది. మనిషి కాలంత చేప! చొక్కా చెయ్యి క్షణాల్లో రేకులా బిగుసుకుపోయింది.

"నా చేప!" అంది ఫెక్లా.

"లాగింది నేను."

"నోట్లో ఎవరి గాలముందో చూడవే, కళ్ళు లేనిదానా!"

చేప ఎగరడం ఆగాక ఫెక్లా అడిగింది. "మొదటి చేప. ఎవరికివ్వాలి? ఇప్పుడు ఊళ్ళో పెద్దావిడెవరు? ఆన్యా పిన్ని..."

"పోయింది. మార్ఫా కూడా నిరుడు పోయింది." ఒలింకా మంచు దులుపుకుంటూ తలెత్తకుండానే అంది. "నువ్వు ఊళ్ళో ఉన్నంతసేపూ నువ్వే వదినా."

ఫెక్లా చేప వంక చూసింది. చేతి తొడుగు తీసి, వంగి దాని తల తడిమింది.

"ఇంత బక్కగా ఉందేమే?" అంది, నానమ్మ గొంతుతో.

ఈసారి ఇద్దరిలో ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో చెప్పడం కష్టం.

సాయంత్రం ఇంట్లో ఆ చేపను గడ్డకట్టినదాన్ని గడ్డకట్టినట్టే పలచగా చెక్కి, సీల్ జంతువు నూనెలో ముంచుకుని అందరూ తిన్నారు. పెద్దావిడ తిన్నాకే మిగతావాళ్ళు చెయ్యిపెట్టారు. తెల్లారి విమానం వచ్చి ఫెక్లాను తీసుకుపోయింది.

ఆగస్టులో, దండేల మీద సాల్మన్ ఆరుతుండగా, మళ్ళీ అదే విమానం ఆమెను పెట్టెలో తీసుకొచ్చింది. చర్చి వెనక గుట్ట మీద, జకార్‌కు నాలుగడుగుల దూరంలో పాతిపెట్టారు.

నవంబరులో నది గట్టిపడుతున్న రోజుల్లో ఫెక్లా తమ్ముడి మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఫెక్లా పేరే పెట్టారు. యూపిక్ ఇళ్ళలో పోయినవాళ్ళ పేరు పెట్టారంటే ఆ మనిషే తిరిగి వచ్చినట్టు. కబురు తెలియగానే ఒలింకా ఒక చేప పట్టుకుని బయల్దేరింది. బూట్లు విప్పి, చేతులు పొయ్యి దగ్గర కాచుకుని, పాపను ఒళ్ళోకి తీసుకుంది.

"ఏం వదినా, వచ్చావా? జుట్టంతా ఎక్కడ పారేసుకున్నావు?"

పాప తల్లి నవ్వి టీ పెట్టడానికి లేచింది. ఒలింకా పాపను గుండెకు ఆనించుకుని, గొంతు తగ్గించి కబుర్లు మొదలుపెట్టింది. ఈ ఏడు నది ఆలస్యంగా గడ్డకట్టిందనీ, లంక ఇంకొంచెం కోసుకుపోయిందనీ, వాగు దగ్గర మంచు ఇంకా పలచగా ఉంది కాబట్టి అటు తొందరపడి పోవద్దనీ.