కూర్చోవడం నేర్పిన గది

చిలకలగూడలో మా ఫ్లాటుకి ఒక హాలు, రెండు గదులు. రెండో గది మా అత్తమ్మది. మా అబ్బాయికి ఆటిజం అని తేలాక ఆమె మంచం హాల్లోకి వచ్చింది, ఆ గదిలోకి ఒక చిన్న బల్ల, రెండు పొట్టి కుర్చీలు వెళ్ళాయి. రైలు కూతలకి వాడి ధ్యాస మళ్ళకూడదని కిటికీకి మందపాటి పరదా కట్టాం. సికింద్రాబాద్ స్టేషన్ పక్కన కాపురం ఉంటూ రైలు కూత వినపడకూడదని పరదా కట్టిన తెలివి మాది. అప్పుడు ఎవరేం చెప్తే అదే మాకు వేదం.

చెప్పేది ఒక కన్సల్టెంట్. పిల్లల్ని రోజూ సెంటర్లకి తిప్పలేని మాలాంటి తల్లిదండ్రులకి, ఇంట్లోనే థెరపీ ఎలా చేసుకోవాలో వీడియో కాల్‌లో నేర్పించేది. చిన్నమ్మాయి, పిల్లలు లేరు, మాట మాత్రం మహా ఖచ్చితం. "ఆ గదిలో ఉన్నంతసేపు మీరు అమ్మ కాదు మామ్, థెరపిస్ట్" అని మొదట్లోనే చెప్పేసింది. నేను బుద్ధిగా తలూపాను. అమ్మగా ఉండి ఇన్నాళ్ళూ ఏం ఒరగబెట్టావని అడిగినట్టే వినిపించింది నాకు.

మొదటి పాఠం కూర్చోవడం. అప్పటిదాకా మా వాడు ఒక్క చోట నిలిచిన పాపాన పోలేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి, మళ్ళీ హాల్లోకి. తిండి కూడా వాడి వెనకాల పరుగెత్తుతూ పెట్టేదాన్ని. పాఠం ఎలాగంటే, నేను "కూర్చో" అనాలి. వాడు కూర్చుని రెండు చేతులూ తొడల మీద పెట్టుకోవాలి. నేను "అయిపోయింది" అన్నాకే లేవాలి. అప్పుడు ఒక బూందీ గింజ నోట్లో పెట్టాలి. నేను ఆ మాట అనకముందే లేస్తే బూందీ లేదు, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టడమే. వాడికి లోకంలో అన్నిటికంటే ఇష్టం కారబూందీ. అందుకని ఆ గదిలో తప్ప ఇంట్లో ఇంకెక్కడా బూందీ కనపడకూడదని కన్సల్టెంట్ చెప్పింది. ఊరికే దొరికితే ఇక పాఠం ఎందుకు నేర్చుకుంటాడు అని ఆమె లెక్క. మా ఇంట్లో పండక్కి కూడా బూందీ చెయ్యడం మానేశాం.

మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. "పిట్టలకేసినట్టు గింజ గింజ ఏస్తవేందే బిడ్డా. పిలగాడు వాడు. గుప్పెడు పెట్టు" అనేది.

"అట్లా పెడితే నేర్చుకోడు అత్తమ్మా."

"నీ మొగనికి నేనేం బూందీ ఏసి నేర్పిన్నా?"

ఆమె నోరు మూయించడం కన్సల్టెంట్ వల్ల కూడా కాలేదు. పైగా అందరూ ఒకే మాట వాడాలని రూలు. ఆమె "కూసో" అంటే కుదరదు, "కూర్చో" అనే అనాలి. డెబ్భై దాటిన మనిషికి వీడియో కాల్‌లో మాట దిద్దుతుంటే, ఆమె నా వైపు ఒక చూపు చూసింది. అయినా దిద్దుకుంది. మనవడి కోసం ఆమె ఏదైనా చేస్తుంది.

వాడు నేర్చుకున్నాడు. ఏడ్చాడు, కరిచాడు, బల్ల కింద దూరాడు, చివరికి నేర్చుకున్నాడు. నేర్చుకోవడం అంటే మామూలుగా కాదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను మధ్యలో లేచి వెళ్ళి, గిన్నె దించి, గట్టు తుడిచి వచ్చినా వాడు చేతులు తొడల మీద పెట్టుకుని అలాగే ఉండేవాడు. కన్సల్టెంట్ చప్పట్లు కొట్టింది. మా ఆయన రాంగోపాల్‌పేట్‌లో మోటారు పంపుల షాపులో పని చేస్తారు. రాత్రి ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే "కూర్చో" అని ఒకసారి అని చూసుకుని మురిసిపోయేవారు.

ఇక చుట్టాలు. వాడు పరుగులు పెట్టిన రోజుల్లో మమ్మల్ని పెళ్ళిళ్ళకి పిలవడానికే జంకిన వాళ్ళు, ఇప్పుడు పిలిచి మరీ చూశారు. ఒక పెళ్ళిలో మా ఆడపడుచు భర్త అయితే భోజనాల దగ్గర వచ్చే పోయే వాళ్ళందరికీ వాడిని చూపించాడు. "జెర సూడుండ్రి, కూర్చో అంటె సాలు. మా పోరగాళ్ళు ఇంటరా గిట్ల?" అన్నాడు. అందరూ నవ్వారు, మెచ్చుకున్నారు. వాడి ముందు విస్తరి ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఆ మెప్పు నాకు కూడా తియ్యగానే ఉండింది. అంతకుముందు నన్ను జాలిగా చూసిన మొహాలే అవన్నీ.

ఇంత తపస్సూ స్కూలు సీటు కోసం. అప్పటికే ఊళ్ళో స్కూళ్ళన్నీ తిరిగాం. కొన్ని చోట్ల వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయాం. కొన్ని చోట్ల లోపలికి పిలిచి, నీళ్ళిచ్చి, నవ్వుతూ పంపించారు. చివరికి యాప్రాల్ వెళ్ళే దారిలో ఒక కొత్త స్కూలు గేటు మీద, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి కూడా స్వాగతం అని పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. ప్రిన్సిపాల్ మేడమ్ మెత్తగా మాట్లాడింది. "మాకు చదువు ముఖ్యం కాదండీ. క్లాసు డిస్టర్బ్ కాకుండా కూర్చుంటే చాలు" అంది.

కూర్చోవడమా? మా వాడికి వచ్చిన విద్య అదొక్కటే. ఆవిడ "కూర్చో" అంది, కూర్చున్నాడు. ఆవిడ ఫోన్లో మాట్లాడింది, టీ తాగింది, ఇంకో పిల్లవాడి అడ్మిషన్ చూసింది. వాడు కదల్లేదు. సీటు ఇచ్చారు. మా ఆయన తిరుగు దారిలో బండి ఆపి స్వీట్లు కొన్నారు. నేను యూనిఫాం గుడ్డ ఒళ్ళో పెట్టుకుని దారంతా నిమురుతూనే ఉన్నాను. నా కొడుకు అందరి పిల్లల్లాగా స్కూలుకి పోతాడు. అంతకంటే నేను దేవుణ్ణి ఇంకేం అడగలేదు.

చలికాలం పోయి ఎండలు ముదురుతున్న రోజులు. ఒకరోజు వాడికి పళ్ళ డాక్టర్ దగ్గర పని ఉండి, స్కూలు వదలక ముందే తీసుకొద్దామని వెళ్ళాను. గ్రౌండులో ఎవరూ లేరు. గోడ వారగా సిమెంటు బెంచీ మీద ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. నీడ ఎప్పుడో తప్పుకుంది. దగ్గరికి వెళ్తే మా వాడే. మొహం కందగడ్డ అయిపోయింది. నిక్కరు తడిసి, మళ్ళీ ఎండకి సగం ఆరింది. చేతులు రెండూ తొడల మీద ఉన్నాయి.

ఆయమ్మ నన్ను చూసి పరుగున వచ్చింది. "ఎంత పిలిచినా లేస్తలేడమ్మా. రోజు అందరితోటి లేచెటోడు, ఇయ్యాల ఆటల సారు వచ్చి కూర్చో అన్నడట. పిల్లలంత లోపలికి వొయిన్రు, గీ బాబు ఒక్కడు కదుల్తలేడు. లే బాబూ అంటె సుత ఇంటలేడు."

ఎలా వింటాడు? లే అంటే లేవమని మేము నేర్పలేదు. "అయిపోయింది" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చీ రావడంతోనే లేచాడు. లేచి, నా వైపు తిరిగి, నోరు తెరిచాడు. బూందీ కోసం.

అక్కడే బెంచీ మీద కూలబడి వాడిని గట్టిగా పట్టుకున్నాను. క్లాస్ టీచర్ కూడా వచ్చింది. ఆవిడ మొహంలో తప్పు జరిగిందన్న జాడ లేదు. "వర్రీ కాకండి మేడమ్. మా క్లాసులో ఇంత బుద్ధిగా ఉండే పిల్లవాడు ఇంకొకడు లేడు. అసలు వాడు ఉన్నట్టే తెలియదు" అంది. అది మెచ్చుకోలట. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదల్లేదు.

ఆ వారం కాల్‌లో కన్సల్టెంట్‌కి జరిగిందంతా చెప్పాను. ఆమె విని, "అది చాలా సింపుల్ మామ్. స్కూల్లో వాళ్ళకి కూడా అయిపోయింది అని అనమని చెప్పండి" అంది.

"వాడికి వద్దు అనడం నేర్పుదాం" అన్నాను.

"ఇప్పుడే ఎందుకు మామ్? మాట వినడం తగ్గిపోతుంది. స్కూల్లో బాగా సెటిల్ అయ్యాక చూద్దాం."

ఎండలో ఉచ్చ పోసుకుని కూర్చోవడాన్ని సెటిల్ అవడం అంటారని నాకప్పుడు తెలిసింది. ఆమెతో వాదించలేదు. నేర్పే పద్ధతి ఎలాగూ ఆమే నేర్పింది. దాన్నే తిప్పి పట్టుకున్నాను. వాడికి అసహ్యమైన కాకరకాయ ముక్క నోటి దగ్గర పెట్టి, "వద్దు" అని నేనే అందించి, వాడు "దు" అన్నా సరే, ఆ క్షణమే తీసేసేదాన్ని. బూందీ లేదు. కాకరకాయ పోవడమే వాడికి బహుమానం. మా అత్తమ్మకి ఈ పాఠం తెగ నచ్చింది. తడి తువ్వాలు, కొబ్బరినూనె, దువ్వెన, ఏవేవి వాడికి గిట్టవో అన్నీ పట్టుకొచ్చేది. వాడు "వద్దు" అనగానే "సరే బిడ్డా, తీసేస్తున్న" అని వెనక్కి వెళ్ళిపోయేది. మళ్ళీ కాసేపటికి నవ్వుకుంటూ వచ్చేది. వాడు వద్దంటే ఇంట్లో ఎవరైనా సరే ఆగాలి. తల సగం దువ్వాక వద్దన్నా ఆగాలి. ఆ నెలంతా వాడు సగం తలతోనే స్కూలుకి వెళ్ళాడు.

మా ఆయనకి భయం పట్టుకుంది. "గింత తక్లీఫ్ పడి సీటు తెచ్చుకున్నం. గిప్పుడు వద్దనుడు నేర్పితే, రేపు స్కూలుకే వద్దంటడు. సీటు పోతె ఏం జేస్తవ్?" అన్నారు.

"పోతే పోనియ్" అని నోటితో అన్నాను. లోపల మాత్రం నాకూ దడే. వాడిని స్కూల్లో దింపి వచ్చిన ప్రతిరోజూ ఫోను చేతిలోనే పట్టుకుని వంట చేసేదాన్ని. ఇంట్లో "వద్దు" బాగానే కుదిరింది. గదిలోని ఆ కుర్చీని చూపించినా వద్దనేవాడు. కానీ మా ముగ్గురి దగ్గర తప్ప బయటివాళ్ళ ముందు ఆ మాట పెగిలేది కాదు. బయటి మనిషి దగ్గర, కొత్త చోట, ఎవరూ అందించకుండా అన్నప్పుడే మాట వచ్చినట్టు లెక్క.

ఫోను వచ్చింది. ప్రిన్సిపాల్ రమ్మంది. వెళ్ళేసరికి మా వాడు ఆవిడ గదిలో, గోడకున్న గడియారం కింద నిలబడి ఉన్నాడు. ఇదివరకటి మెత్తదనం ఆవిడ గొంతులో లేదు.

"క్లాసు మధ్యలో లేచి నీళ్ళ పంపు దగ్గరికి పోతున్నాడు. కూర్చో అన్నా ఎప్పుడు పడితే అప్పుడు లేస్తున్నాడు. ఎంత చక్కగా ఉండేవాడండీ. ఇంట్లో థెరపీ మానేశారా?"

"దాహమేసి వెళ్ళుంటాడు మేడమ్."

"అందరికీ దాహం వేస్తుంది. ఇలాగైతే మా దగ్గర కష్టం." ఆవిడ వాడి వైపు తిరిగి ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది. "కూర్చో."

వాడు కుర్చీని చూశాడు. ఆవిడని చూశాడు. నా వైపు చూడనే లేదు.

"వద్దు" అన్నాడు.

స్పష్టంగా అన్నాడు. నేను అందించలేదు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అంత సంతోషం సీటు వచ్చిన రోజున కూడా లేదు. సీటు పోతోందని తెలుస్తూనే ఉంది, ఆ ఏడుపూ ఉంది. రెండూ కలిసి వచ్చాయి.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "చూశారుగా. మీరు చెప్పండి, మీరు చెప్తే వింటాడేమో. ఈ ఒక్కసారికి వింటే ఆలోచిద్దాం."

వింటాడు. నేను "కూర్చో" అంటే, వద్దన్నా సరే, ఆ క్షణంలో కూర్చుంటాడు. అంతగా వాడి ఒంట్లోకి ఎక్కించాను ఆ మాటని. సీటు నిలబడుతుంది, రేపు మళ్ళీ యూనిఫాం వేసుకుని అందరి పిల్లల్లాగా వస్తాడు.

నేను అనలేదు. ఆవిడ బెల్లు కొట్టి క్లర్కుని పిలిచింది. ఆయన టీసీ రాసి తెచ్చేదాకా మేమిద్దరం నిలబడే ఉన్నాం.