బండి దిగేటప్పుడు చెప్పాల్సిన మాట

ఉదయం ఆరుంబావుకు మియాపూర్‌లో సోలాపూర్ బస్సు ఎక్కాను. ముందు రోజే టికెట్ తీసుకోవడంతో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో హెల్మెట్, కాళ్ల దగ్గర సంచి. సంచిలో రెండు జతల బట్టలు, నాలుగు డబ్బాల బ్రేక్ ఆయిల్. అంతకుముందు మూడుసార్లు ఇదే ప్రయాణం పెట్టుకుని మానుకున్నాను. ఒకసారి జ్వరమన్నాను, రెండుసార్లు పని ఉందన్నాను. మూడూ అబద్ధాలే.

మా క్లబ్బు ఏటా ఒక ఆరు గంటల కార్ల పందెం పెడుతుంది. పాల్గొనేవాళ్లలో ఎవరికీ అది వృత్తి కాదు. నాకు హైదరాబాద్‌లో రంగుల దుకాణం ఉంది. బండి ఒక పాత చిన్న కారు. దాన్ని సిద్ధం చేసేది సోలాపూర్ భవాని పేట్‌లో మా అంబదాస్ బావ. సరస్వతక్కను చేసుకున్నాడు. వాళ్ల పాత మరమగ్గాల షెడ్డులో సగం ఇప్పుడు గ్యారేజీ. నడిపేది ముగ్గురం: నేను, బావ, పక్క షెడ్డులో మగ్గాలు రిపేరు చేసే నాగ్‌నాథ్. ఒక్కొక్కరికి రెండేసి గంటలు.

పోయినేడు రెండో వంతు నాది. దిగడానికి రెండు రౌండ్ల ముందు బ్రేకు పెడల్ మెత్తబడింది. తొక్కితే సగం దాకా దిగిపోతోంది. ప్రతి మలుపులో ఆఖరి క్షణం దాకా ఆగి బ్రేకు తొక్కడం నాకు గొప్ప. అలా తొక్కీ తొక్కీ బ్రేకు ఆయిల్ మరిగించాను, మరిగితే బ్రేకుకు పట్టు ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. అప్పటికి మేం నాలుగో స్థానంలో ఉన్నాం. చెబితే బండి పావుగంట నిలబడుతుంది, నేను నడిపిన తీరు అందరికీ తెలిసిపోతుంది. "ఏం లేదు బావా, ఫస్ట్ క్లాస్ ఉంది" అని దిగాను. మూడో రౌండులో బావ బండి టైర్ల గోడకు గుద్దుకుంది. ఎడమ మణికట్టు విరిగింది.

అంతటితో ఆగితే ఒక తప్పు అయ్యేది. నుజ్జయిన బండిని విప్పినప్పుడు బ్రేకు పైపు దగ్గర ఒక నట్టు వదులుగా కనబడింది. "గా నట్టు నేనే బిగించిన. నా చెయ్యి తప్పింది" అన్నాడు బావ ఆస్పత్రి మంచం మీద. అప్పుడు నేనేం చేశాను? ఆయన భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. "అందరికీ జరుగుతుంది, ఊరుకో బావా" అన్నాను.

మళ్లీ పందెం ఆరు వారాల్లో ఉంది. ఈసారి చెప్పకపోతే తన చేతుల మీద నమ్మకం లేని మనిషి అదే బండిలో కూర్చుంటాడు. చెబితే ఏమవుతుందో ఊహించడానికి కూడా భయంగా ఉంది.

జహీరాబాద్ దాటాక పక్క సీటులోకి ఒక పెద్దావిడ వచ్చింది. సిరిసిల్ల నుంచి సోలాపూర్‌లో ఉన్న చెల్లెలింటికి పోతోందట. కాసేపు నా ఒళ్లోకి చూసి అడిగింది.

"గదేంది బిడ్డా, అంత పెద్ద గిన్నె?"

"హెల్మెట్ అమ్మా. కార్ల పందేనికి."

"గెలిస్తె ఏమిస్తరు?"

"చిన్న కప్పు ఇస్తారు."

"కప్పు కోసానికా మొఖం గట్ల పీక్కపోయింది? చాయ్ తాగు, తేరుకుంటవు."

హుమ్నాబాద్‌లో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. ఉప్మా, చాయ్ కలిపి యాభై లోపే. సగం వదిలేశాను. ఆవిడ ఆకు, వక్క నా చేతిలో పెట్టింది. ఉమర్గా దగ్గర నిద్రపోయి నల్‌దుర్గ్ వచ్చాక లేచింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. చెప్పాల్సిన వాక్యం మనసులో రాసుకుంటున్నాను, కొట్టేసుకుంటున్నాను. ప్రతిసారీ అందులోకి ఏదో ఒక సాకు దూరుతోంది.

ఒంటిగంటకు సోలాపూర్ చేరాం. కొంతం చౌక్ దాకా షేర్ ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి నడిచాను. మొదటిసారి వెళ్లేవాళ్లకు దారి అడిగే పని ఉండదు, మరమగ్గాల చప్పుడు ఎటు పెరుగుతుంటే అటు నడిస్తే చాలు. నేను పదహారేళ్ల వరకు ఆ చప్పుడులోనే పెరిగాను. ఆ రోజు మాత్రం అది దగ్గరవుతున్న కొద్దీ అడుగులు నెమ్మదించాయి.

అక్క గుమ్మంలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏం రా విఠల్, తొవ్వ యాది ఉన్నదా? మేం బతికున్నమో లేదో చూద్దామని వచ్చినవా?"

పందెంలో మా రౌండ్లు లెక్కపెట్టేది అక్కే. బండి ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక తునికాకు ముక్క పక్కన పెడుతుంది, ఇరవై ఐదు కాగానే బీడీల్లాగే దారంతో కట్ట కడుతుంది. క్లబ్బువాళ్ల మెషిన్ ఒకసారి తప్పింది గానీ అక్క కట్టలు తప్పలేదు.

జొన్న రొట్టె, పల్లీల కారం పెట్టింది. గొంతు తగ్గించి చెప్పింది, "మీ బావ బ్రేకు పని ముడుతనే లేడు రా. గిరాకి వస్తె ముందరి గ్యారేజికి పంపుతున్నడు. మన బండి బ్రేకులు కూడ గాళ్లే బిగించిండ్రు. చిన్న నట్టు బిగించినా పదిసార్లు చూసుకుంటడు. డాక్టర్ ఏమో చెయ్యి బరాబర్ అయింది అంటున్నడు. నువ్వన్న జర సంజాయించు."

రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాను. నీళ్లు తాగి లేచాను.

మర్నాడు ఉదయం ఏడింటికి కారును చిన్న ట్రక్కు మీదికి ఎక్కించి హోట్గి రోడ్ వైపు తీసుకెళ్లాం. ఇళ్లు దాటాక నాగ్‌నాథ్‌కు తెలిసినవాళ్ల ఖాళీ లేఅవుట్ ఒకటి ఉంది. చుట్టూ గోడ, లోపల తారు రోడ్లు, మనుషులు లేరు. బండి సిద్ధం చేయాలనుకునేవాళ్లు ఇలాంటి చోటు చూసుకోవాలి. మామూలు రోడ్డు మీద పరీక్షలు పెట్టకూడదు. ముందు సీటు బెల్టులు, మంటలార్పే సిలిండర్, లోపలి ఇనుప చట్రం చూశాం. తర్వాత బావ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

వంద గజాలు పోయి బ్రేకు తొక్కాడు. బండి నిలువునా ఆగింది. దిగి, కింద పడుకుని పైపు తడిమాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ వంద గజాలు, మళ్లీ దిగాడు. నాలుగోసారి నాగ్‌నాథ్ అన్నాడు, "ఏం అంబదాస్‌శేట్, ఎక్కుడు దిగుడుకు నీకు సిటీ బస్సు నౌకరి ఇస్తరు, చలో!" బావ నవ్వలేదు. ఏడోసారి దిగినప్పుడు ఎడమ చేత్తో ఒకే నట్టును మూడుసార్లు తడమడం చూశాను. ఆ చేత్తో పందెంలో గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ పట్టుకుంటాడు.

ఇక డ్రైవర్లు మారే అభ్యాసం. ఇక్కడ మా జట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. మరమగ్గాల షెడ్డులో పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు మగ్గం ఆపరు. దిగిపోయేవాడు, వచ్చేవాడి మణికట్టు పట్టుకుని మగ్గం మీద ఆనించి, ఆ రోజు దాని దోషం చెవిలో అరిచి చెబుతాడు. కుడివైపు దారం తెగుతోందనో, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె కొట్టుకుంటోందనో. అది చెప్పకుండా గడప దాటేవాడు లేడు. చెప్పకపోతే తర్వాతివాడి వేళ్లు పోతాయి. బావ ఈ ఆచారాన్ని మా బండికి తెచ్చాడు. దిగేవాడు ఎక్కేవాడి మణికట్టు పట్టుకుని దోషం చెప్పాలి. పోయినేడు "ఏం లేదు" అన్నప్పుడు నేను పట్టుకున్నది ఆయన ఎడమ మణికట్టే.

నాగ్‌నాథ్ గడియారం నొక్కాడు. నేను రెండు చుట్లు తిరిగి వచ్చి ఆగి, బెల్టు విప్పి దిగాను. బావ హెల్మెట్ పెట్టుకుని ఎదురుగా ఉన్నాడు. చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. ఎముక అతికిన చోట చిన్న గడ్డలా తగిలింది.

"చెప్పు, ఏం దోషముంది?"

నేను ఆ గడ్డ మీద నుంచి వేలు తీయలేదు.

"అరే లవకర్ చెప్పు రా, టైం పోతున్నది!" అని నాగ్‌నాథ్ అరిచాడు.

"ఈ బండికి ఏం లేదు బావా. పోయినసారి ఉండె. పెడల్ సగం దాకా దిగిపోయింది. నాకు ఎరుకే. చెప్పలేదు."

బస్సులో రాసుకున్న వాక్యాల్లో ఇది ఒక్కటీ కాదు. బావ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దానికి ఇంకా భయం వేసింది.

"ఎన్ని రౌండ్ల ముందుగాల?"

"రెండు."

"ఆయిల్ మరిగిందా?"

"నేనే మరిగించిన."

"మరి నట్టు?"

"గుద్దుకున్నంక వదులైంది కావచ్చు బావా. ముందు వదులైతే ఆయిల్ కారిపోతుండె, మొదటి నుంచే పెడల్ మీద నా కాలికి తెలుస్తుండె."

హెల్మెట్ అద్దం వెనక ఆయన కళ్లు కనబడటం లేదు. నెమ్మదిగా నా వేళ్లు విడదీశాడు. హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టాడు. "సాల్‌భర్ అయింది," అన్నాడు. ఏడాదయిందని ఎవరితో అన్నాడో తెలియదు. "సాల్‌భర్ నుంచి పిల్లల స్కూల్ ఆటో వస్తె కూడ వాపస్ పంపిన."

నాగ్‌నాథ్ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాకు తగినవే. ఇద్దరూ కారును ట్రక్కు ఎక్కించారు. సాయం చేయబోతే నాగ్‌నాథ్ తాడు లాక్కున్నాడు. "నీకు ఆటో దొరుకుతది. మెయిన్ రోడ్డు దాక నడువు."

నడిచాను. ఆటోవాడు నూటయాభై అడిగాడు, బేరం చేయలేదు. ఇంటికి పోవాలా, నేరుగా స్టేషన్‌కు పోవాలా అని కొంతం చౌక్ వచ్చేదాకా ఊగిసలాడాను. హెల్మెట్ ట్రక్కులో పోయింది, సంచి అక్క ఇంట్లో ఉంది, అందుకే వెళ్లాను. ధైర్యంతో వెళ్లానని చెప్పుకోలేను.

అక్కకు అప్పటికే తెలిసిపోయింది. తల ఎత్తలేదు. వేళ్లు ఆకు చుడుతూనే ఉన్నాయి.

"అన్నం ఉన్నది. పెట్టుకో."

"అక్కా..."

"పెట్టుకో అన్న. తిన్నంక మాట్లాడుత."

తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను. కట్ట పూర్తి చేసి దారం కొరికింది.

"ఆయన నాతోని ఏమన్నడో ఎరుకనా? 'నా చెయ్యి పోయింది సరసా' అన్నడు. విరిగినందుకు కాదు రా. నీకు సమజైందా? అది విరిగినందుకు అన్న మాట కాదు." చాటలో ఆకులు సర్దుతూ, "నిన్న నీకే చెప్పిన నేను, సంజాయించుమని. నీకే!" అంది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఆ గుమ్మం దగ్గరే కూర్చున్నాను. గ్యారేజీ తలుపు మూసి ఉంది. లోపల ఏం చేస్తున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. బండిని అమ్మేస్తాడేమో, నా ముఖం ఇక చూడడేమో అనుకున్నాను. తలుపు తట్టడానికి రెండుసార్లు లేచి మళ్లీ కూర్చున్నాను.

మర్నాడు తొమ్మిది దాటాక రైలు. బయల్దేరేటప్పుడు గ్యారేజీ తలుపు తెరిచి ఉంది. కారు కింద నుంచి బావ కాళ్లు కనబడ్డాయి. పక్కన నేను తెచ్చిన నాలుగు డబ్బాలూ మూతలు తీసి ఉన్నాయి. కొత్త బ్రేకు పైపుల ప్లాస్టిక్ కవర్లు నేల మీద పడి ఉన్నాయి.

"పోయొస్త బావా."

"ఊఁ," అన్న శబ్దం వచ్చింది. పానా తిరుగుతున్న చప్పుడు ఆగలేదు. ఒక నట్టు బిగించాడు, ఇంకోదానికి జరిగాడు. మొదటిదాన్ని మళ్లీ తడమలేదు. నేను లెక్కపెట్టాను. నాలుగు నట్లు, ఒక్కొక్కటీ ఒక్కసారే.

రైల్లో జనం పల్చగా ఉన్నారు. కలబుర్గి దాటి వాడి చేరుతుండగా ఫోన్ మోగింది. బావ పేరు చూసి ఎత్తడానికి భయపడ్డాను. మోగడం ఆగే లోపు ఎత్తాను.

"బ్రేకులు అయినయి. నేనే చేసిన."

"మంచిది బావా."

"పందేనికి మొదలు నేను కూసుంట. తర్వాత నాగ్‌నాథ్. ఆఖరు నువ్వు."

ఆఖరి వంతంటే ముగింపు జెండా కింద నుంచి బండిని తెచ్చే వంతు. జట్టులో అందరూ కోరుకునేది.

"ఆఖరు నాకెందుకు బావా? నువ్వే..."

"జెండా కోసం కాదు రా," అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ చేతుల నుంచి బండి ఎవ్వరు తీసుకోవద్దు. గందుకు."

ఫోన్ పెట్టేశాడు. తాండూరు వచ్చేదాకా అది చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఆరు వారాల తర్వాత నా రెండు గంటలు నాగ్‌నాథ్ నా మణికట్టు పట్టుకుని దోషం చెప్పాకే మొదలవుతాయి. నాకు ముందున్న ఇద్దరూ నిజం చెబుతారని నాకు తెలుసు. నా భయం పోలేదు, ఇప్పుడు అది వేరే చోట ఉంది. పందెం అయ్యాక నేను బండి ఆపి దిగుతాను. ఎదురుగా చెయ్యి చాపి ఎవరూ నిలబడరు.