పదో ట్రాకు లైటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్లకి మనిషికి వచ్చేంత జ్ఞానం మళ్లీ జన్మలో రాదు. కువైట్ వచ్చి రెండేళ్లయింది. ఖైతాన్‌లో ఏసీలు బాగుచేసే చిన్న షాపులో పని, ఆరుగురం సర్దుకునే గదిలో ఒక మంచం, ఆ మంచం మీద నాకంటే ఎక్కువ చోటు ఆక్రమించిన సెకండ్‌హ్యాండ్ కీబోర్డు. అందులో సీక్వెన్సర్ ఉండేది. అంటే ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో ట్రాకులో విడిగా వాయించి దాచుకోవచ్చు, అన్నీ కలిపి వినొచ్చు, నచ్చనిదాన్ని మ్యూట్ నొక్కి నోరు మూయించొచ్చు. పలికే ట్రాకు మీద చిన్న పచ్చలైటు వెలుగుతుంది, మ్యూట్ చేస్తే ఆరిపోతుంది. (షాపులో నా నోరు మూయించేవాళ్లే తప్ప నేను మూయించడానికి ఒక్కరూ లేరు. అందుకే ఆ బటనంటే నాకు ప్రాణం.)

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా చర్చి ఆదివారం ఆరాధన కూడా శుక్రవారమే, ఒక అద్దె హాల్లో జరిగేది. పాడేది ముగ్గురు అక్కలు. ఒకరు నర్సు, ఇద్దరు జాబ్రియాలో ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. కీబోర్డు నేను, డోలక్ బాబాయ్. ఆయన అందరికీ బాబాయే. ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లుగా డ్రైవరు. ఇక చాలనుకుని ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రద్దు చేయించుకుని ఊరెళ్లిపోతున్నాడు. వెళ్లేముందు ఆఖరి శుక్రవారం తన డోలక్ మోగాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. సరిగ్గా మూడు వారాల ముందు ఆ ఎండలకి డోలక్ చర్మం కాస్తా చిట్లిపోయింది, కొత్తది బిగించేవాళ్లు అక్కడ దొరకలేదు.

"ఖలాస్‌రా అబ్బాయ్. నాకంటే ముందు ఇదే ఎగ్జిట్ కొట్టించేసుకుంది," అన్నాడు బాబాయ్. నవ్వాడు గానీ ముఖం చిన్నబోయింది.

"మీ దరువు మిషన్లో దాచేస్తాను బాబాయ్, మీరేం దిగులుపడకండి," అని అభయమిచ్చేశాను. కీబోర్డుకి చెవులుండవు. డోలక్ శబ్దం నింపిన కీలు కొన్ని ఉంటాయి, వాటినే వేళ్లతో కొట్టాలి. ఆ శుక్రవారమే అక్కలు పాడుతుంటే బాబాయ్ వాయించాడు. మొదట రెండు వేళ్లతో మర్యాదగా, పాట ఊపందుకున్నాక అరచేత్తో (నా గుండె కూడా కాసేపు మ్యూట్ అయింది). అది పదో ట్రాకు. గదికెళ్లి దానికి మిషన్ టిక్కుటిక్కు జతచేసి వింటే, బాబాయ్ దరువు ఒకచోట పరుగెడుతోంది, ఇంకోచోట నిలబడిపోతోంది. పాపం పెద్దాయనకి లెక్క కుదరదని తీర్మానించి, తొమ్మిదో ట్రాకులో నేనే టిక్కుకి టిక్కు సరిపోయేలా వాయించి, పదోది మ్యూట్ చేసేశాను. మరుసటి శుక్రవారం ఇళ్లల్లో పనిచేసే అక్కలకి వాళ్ల మామాలు (అక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తారు) సెలవివ్వలేదు, నర్సక్కకి డ్యూటీ పడింది. బాబాయ్‌కి ఒక్కడికే వినిపించాను.

"పదో దాని మీద లైటు లేదేంట్రా?" అన్నాడు.

"రికార్డింగు పూర్తయితే ఆరిపోతుంది బాబాయ్."

"ఓహో," అని తలూపి, తనది కాని దరువుకి తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నాడు. అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆఖరి శుక్రవారం హాలు నిండిపోయింది. అక్కలు అందుకున్నారు. మావాళ్లు చరణం చివర "దేవా" అని సాగదీస్తే అది ఎక్కడ ఆగుతుందో వాళ్లకీ ఆ దేవుడికీ మాత్రమే తెలియాలి. నా మిషన్‌కి తెలియదు. అది తన దారిన వెళ్లిపోయింది. అక్కలు రెండో చరణానికి వచ్చేసరికి నా దరువు ఆ తర్వాతి పల్లవిలో ఉంది. నర్సక్క ఇంజెక్షన్ ముందు చూసే చూపు చూసింది. పక్కనున్న అక్క పాట మధ్యలోనే, "యల్లా, ఆపరా బాబూ దాన్ని," అంది. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు, ప్రార్థనకైతే కాదు. చెమటలు కారుతుంటే తొమ్మిదో ట్రాకు ఆపేశాను. బాబాయ్ వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు, ఆ వెలగని పదో లైటునే చూస్తున్నాడు.

దాన్ని వెలిగించి, "మొదట్నించీ అందుకుందామక్కా," అన్నాను.

ఈసారి దరువు వాళ్లు ఎప్పుడూ సాగదీసేచోటే ఆగింది, ఊపిరి తీసుకున్నాక అందుకుంది. నేను తప్పనుకున్నదల్లా ఆయన వాళ్లకోసం ఆగడమే. ఇరవై రెండేళ్లు గేటు ముందు బండి ఆన్ చేసి, లోపలివాళ్లు వచ్చేదాకా ఆగిన మనిషి మరి. హాలంతా చప్పట్లు కలిపింది. సిగ్గూ సంతోషమూ రెండూ ఒకేసారి కలిగాయి నాకు.

భోజనాల దగ్గర పక్కన చేరి, "బాబాయ్, ఆ లైటు సంగతి..." అని నసిగాను.

"నాకు తెల్దేంట్రా? బండి నడిపేవోడికి డేష్‌బోర్డు మీద లైటు ఆరితే ఏం పోయిందో తెల్దా?"

"మరి అప్పుడే తిట్టలేదేం?"

"నువ్వే ఎలిగిత్తావేమోనని ఆగాను," అని పెరుగన్నం కలుపుకున్నాడు. "ఆగడం నాకలవాటే కదా."

ఇప్పుడు మా ఊళ్లో నాకో చిన్న రికార్డింగు గది ఉంది. కంప్యూటర్లో ఎన్ని ట్రాకులు కావాలంటే అన్ని. తాళం తప్పిందని కుర్రాళ్లు మ్యూట్ చేయమంటే, ఇంకోసారి విందాం ఆగండంటాను. నా చాదస్తానికి వాళ్లు నవ్వుకుంటారు. నేనూ ఆ ఇరవై మూడేళ్ల పండితుణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పాపం, వాడికి మ్యూట్ బటన్ ఎక్కడుందో బాగా తెలుసు, ఆగడమే తెలియదు.